బడిపంతుళ్ళు చెప్పిన కథ



ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన సంఘం వారు అడిగినప్పుడు మొదట పింఛను లెక్కల గురించి రాద్దామనుకున్నాను. ఆ విషయాలు రాసేవారు మనలో చాలామంది ఉన్నారు, నాకన్నా బాగా తెలిసినవారూ ఉన్నారు. నేను నలభై ఏళ్ళకు దగ్గరగా సుద్దముక్క పట్టినవాణ్ణి కనుక నాకు తెలిసిన సంగతే రాయడం మంచిదనిపించింది. అది బడిపంతుళ్ళు రాసిన కథల సంగతి.

రాయాలనిపించడానికి మరో కారణం కూడా ఉంది. బోధన్ వైపు పల్లెబడిలో నాతో కలిసి పనిచేసిన ఒక ఉపాధ్యాయ మిత్రుడు ఉండేవాడు. పిల్లల కోసం కథలు రాసేవాడు. రూళ్ళ నోటు పుస్తకాల్లో, గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా రాసేవాడు. పెద్దల కథలు కూడా రాశాడు కాని వాటిని ఎవరికీ చూపేవాడు కాదు. "పిల్లల కతలు రాసెటోన్ని రచయిత అంటరా సార్?" అని నవ్వేవాడు. ఆయన కాలం చేసిన ఏడాదికి వారింటికి వెళ్ళి ఆ పుస్తకాల సంగతి అడిగాను. ఇల్లు సున్నం వేయించేటప్పుడు పాత కాగితాల వాడికి వేసేశామని చెప్పారు. ఇంటివాళ్ళ తప్పేమీ లేదు. వాటికి విలువ ఉందని బతికి ఉండగా ఆయనకే ఎవరూ చెప్పలేదు. చెప్పనివాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఆ నోటు పుస్తకాలను తలచుకుంటూ ఈ వ్యాసం రాస్తున్నాను.

తెలుగు వచనానికి బడే పుట్టిల్లు

మన తెలుగు వచనం చరిత్ర తిరగేస్తే అడుగడుగునా ఉపాధ్యాయులే కనిపిస్తారు. పరవస్తు చిన్నయసూరి మద్రాసులో తెలుగు పండితులు. పంచతంత్రంలోని మిత్రలాభ, మిత్రభేదాలను తీసుకుని 1853లో 'నీతిచంద్రిక' వెలువరించారు. ఆ భాష గ్రాంథికమే కావచ్చు. అయినా కాకి, లేడి, నక్క, ఎలుక మాట్లాడుకునే ఆ కథలు తరతరాల విద్యార్థులకు పాఠ్యమయ్యాయి. కందుకూరి వీరేశలింగం పంతులుగారు (1848-1919) కూడా బడిలో తెలుగు చెప్పినవారే. చిన్నయసూరి విడిచిపెట్టిన విగ్రహం, సంధి భాగాలు ఆయన రాశారు. పెద్దల కోసం 1878లో 'రాజశేఖర చరిత్రము' నవల రాసిన చేత్తోనే పిల్లల కోసం ఈసపు కథలను 'నీతికథామంజరి'గా తెలుగు చేశారు. నవల వేరు, పిల్లల కథ వేరు, ఒకటి గొప్ప, ఒకటి తక్కువ అన్న భేదం ఆయనకు లేదు.

గురజాడ అప్పారావుగారు విజయనగరంలో మహారాజావారి విద్యాసంస్థల్లో పాఠాలు చెప్పారు. 1910లో 'దిద్దుబాటు' కథ రాశారు. దిద్దుబాటు అన్న మాట ఉపాధ్యాయుడి నోటి నుంచి వచ్చే మాటే. పిల్లల కాపీ పుస్తకం దిద్దినట్టే ఆ కథలో ఒక సంసారాన్ని దిద్దారు. ఆయన సహాధ్యాయి గిడుగు రామమూర్తి పంతులుగారు (1863-1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. సవరల భాష నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు తయారుచేసి, సవర పిల్లలకు బడులు పెట్టించారు. పిల్లవాడికి వాడి ఇంటిభాషలో చెబితేనే చదువు వంటబడుతుందని ఆయన గ్రహించింది ఆ పిల్లల మధ్యనే. వ్యావహారిక భాషోద్యమానికి వెనుక ఉన్న బలం బడిలో నుంచి వచ్చిందని మనం మరువరాదు.

చింతా దీక్షితులుగారు

ఈ వరుసలో ముఖ్యంగా చెప్పుకోవలసినవారు చింతా దీక్షితులుగారు (1891-1960). ఈ తరం వారికి ఆ పేరు అంతగా తెలియదు. తూర్పు గోదావరి ప్రాంతంలో పుట్టి, ఉపాధ్యాయ శిక్షణ పొంది, సర్కారు కొలువులో చేరారు. పాఠాలు చెప్పారు, పాఠశాలల తనిఖీ చేశారు, కొత్త ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే పనిలోనూ ఉన్నారు. అంటే మన విద్యాశాఖలోని మెట్లన్నీ ఎక్కి దిగినవారు. టి.ఏ. బిల్లు, తనిఖీ నివేదిక, బదిలీ ఉత్తర్వు అంటే ఏమిటో మనలాగే తెలిసినవారు.

ఆ ఉద్యోగం చేసుకుంటూనే ఆయన ఎన్ని రకాలు రాశారో చూడండి. పెద్దలకు కథలు రాశారు. 'ఏకాదశి' అని ఒక సంపుటం వచ్చింది. హాస్యం రాశారు, వటీరావు అనే పాత్రను సృష్టించి అతని చుట్టూ కథలు అల్లారు. 'శబరి' అనే నాటిక రాశారు. పిల్లలకు 'లక్కపిడతలు' ఇచ్చారు. సూరి, సీతి, వెంకి అనే పిల్లల పాత్రలతో కథలు చెప్పారు. బాలసాహిత్యం గురించి మాట్లాడేవారు ఆయన్ను ఆ శాఖకు ఆద్యుల్లో ఒకరుగా నేటికీ తలచుకుంటారు.

లక్కపిడతలు అన్న పేరు మీదనే కాసేపు ఆగుదాం. ఆడపిల్లలు గుజ్జనగూళ్ళు ఆడుకునే చిన్న చిన్న లక్క గిన్నెలు అవి. వాటిలో వండేది మట్టి, ఆకులు. కాని వండే పిల్లకు అది నిజమైన వంటే, వడ్డించేది నిజమైన విస్తరే. పిల్లల కథ కూడా అటువంటిదే. పెద్దలకు ఆటగా కనబడుతుంది. పిల్లవాడు మాత్రం ఆ చిన్న గిన్నెలోనే రేపటి సంసారం నేర్చుకుంటాడు. తన పిల్లల పుస్తకానికి ఆ పేరు పెట్టిన మనిషికి పసివాళ్ళ ఆట ఎంత దగ్గరగా తెలుసో ఊహించుకోవచ్చు.

ఒకే మనిషి ఇన్ని వయసుల వారికి ఎలా రాయగలిగారు? దీనికి జవాబు ఆయన ఉద్యోగంలోనే ఉందని నా అభిప్రాయం. ఉపాధ్యాయుడు పొద్దున ఒకటో తరగతి పిల్లవాడితో మాట్లాడతాడు. మధ్యాహ్నం పదో తరగతి కుర్రవాడితో, సాయంత్రం ఆ కుర్రవాడి తండ్రితో, మర్నాడు పైఅధికారితో మాట్లాడతాడు. ఒక్కరోజులో నాలుగు భాషలు మాట్లాడే కొలువు మరొకటి లేదు. అర్థం కాలేదని పిల్లవాడి ముఖం చూడగానే తెలిసిపోతుంది, వెంటనే మాట మార్చుకోవాలి. కథకుడికి కావలసిన మొదటి విద్య అదే. పత్రికలో అచ్చయిన తర్వాత పాఠకుడి ముఖం రచయితకు కనబడదు. పంతులుకు మాత్రం రాయకముందే కనబడుతుంది.

ఇన్‌స్పెక్టరు చూసిన ఊళ్ళు

పాఠశాలల తనిఖీకి తిరిగేవారికి మరో లాభం ఉంది. దారిలో మనుషులు కనబడతారు. దీక్షితులుగారి కథల్లో 'సుగాలీ కుటుంబం', 'చెంచురాణి' వంటివి ఉన్నాయి. తెలుగు కథ ఇంకా నడక నేర్చుకుంటున్న రోజుల్లో, కథల్లో ఎక్కువగా పట్నవాసపు ఇళ్ళు, అక్కడి సంసారాలే కనిపించే రోజుల్లో, ఆయన చూపు సుగాలీల మీదికి, చెంచుల మీదికి వెళ్ళింది. బయటినుంచి వచ్చిన ఉద్యోగి చూపులో కొంత దూరం తప్పక ఉంటుంది. ఆ జాతులవారు తమ కథ తామే రాసుకున్నప్పుడు వచ్చే నిజం వేరు. అయినా వారు కథకు తగినవారన్న మాట ఆయన ముందుగా చెప్పారు.

ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఎందుకు బాధపడుతున్నానో చెబుతాను. సుగాలీలంటే మన దగ్గర లంబాడీలే. మన జిల్లాలో తండాలు ఎన్ని ఉన్నాయో మీకు నేను చెప్పనక్కరలేదు. నేను పనిచేసిన బడిలో ఒకరోజు వాచకంలోని కథ చదివి వినిపించాను. వెనక బెంచీలో కూర్చున్న తండా పిల్లవాడు లేచి, "సార్, గీ కతలల్ల మా తండా ఎప్పుడొస్తది?" అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. "వస్తది, కూసో" అన్నాను. తండా ఉన్న కథ తెలుగులో అప్పటికే ఉందని, అది రాసింది నావంటి బడిపంతులేనని నాకు తెలియదు. తెలిసి ఉంటే ఆ రోజు వాడికి ఇంకో జవాబు చెప్పేవాణ్ణి.

చలంగారితో స్నేహం

దీక్షితులుగారికి గుడిపాటి వెంకటచలంగారు (1894-1979) ఆప్తమిత్రులు. చలంగారు కూడా విద్యాశాఖ మనిషే, ఉపాధ్యాయులుగానూ పాఠశాలల ఇన్‌స్పెక్టరుగానూ చేశారు. 'మైదానం' వంటి నవలలతో లోకాన్ని కలవరపెట్టిన ఆ చలంగారే పిల్లలను కొట్టకుండా, భయపెట్టకుండా ఎలా పెంచాలో చెబుతూ 'బిడ్డల శిక్షణ' రాశారు. ఆ పుస్తకం రాసింది బెత్తం పట్టే కాలంలోని ఉపాధ్యాయుడని గుర్తుంచుకుంటే దాని విలువ తెలుస్తుంది.

ఇద్దరి స్వభావాలు వేరు. ఒకరు నిప్పు, ఒకరు చల్లని నీరు. ప్రభుత్వోద్యోగి అయిన రచయితకు రెండు దారులుంటాయి. మనసులో ఉన్నది ఉన్నట్టు రాసి మాటలు పడటం ఒకటి, నవ్వుతూ నవ్విస్తూ చెప్పవలసింది చెప్పడం రెండోది. చలంగారు మొదటి దారిన నడిచారు, దీక్షితులుగారు రెండో దారిన నడిచారు. అయినా ఒకరినొకరు విడువలేదు. చలంగారిని మొదటిసారి తిరువణ్ణామలైలోని రమణాశ్రమానికి తీసుకువెళ్ళింది దీక్షితులుగారే. తర్వాత 1950లో చలంగారు కుటుంబంతో అక్కడే స్థిరపడిపోయారు. దీక్షితులుగారికి చలంగారు రాసిన ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి, వాటిని ఇప్పటికీ చదువుతున్నారు. దీక్షితులుగారి కథలు చదివేవారికన్నా ఆయనకు వచ్చిన ఉత్తరాలు చదివేవారే ఎక్కువ కావడం విచిత్రం.

మన ఇందూరు సంగతి

ఇదంతా గోదావరి, కృష్ణ ఒడ్డున జరిగిన కథ. అప్పుడు మన దగ్గర ఏం జరుగుతోంది?

మన పెద్దలకు ఇది స్వయంగా తెలుసు. నిజాం రాజ్యంలో పై చదువు ఉర్దూలో. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ బోధన ఉర్దూలోనే. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. గోదావరి దిగువన పిల్లలు లక్కపిడతలు చదువుకుంటున్న కాలంలో మన పిల్లలకు తెలుగు కథల పుస్తకం దొరకడమే అరుదు. తెలుగు చదువు కావాలన్నవారు గ్రంథాలయాలు పెట్టుకున్నారు, సభలు జరుపుకున్నారు. 1937లో ఆరవ ఆంధ్ర మహాసభ మన నిజామాబాదులోనే మందుముల నరసింగరావుగారి అధ్యక్షతన జరిగింది.

అదే దశాబ్దంలో మన జిల్లా రూపురేఖలు మారిపోయాయి. మంజీర మీద 1923లో మొదలైన నిజాంసాగర్ 1931 నాటికి పూర్తయింది. కాలువ నీళ్ళు వచ్చాయి, వాటితో చెరకు వచ్చింది. 1930ల చివరికి బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. కాలువ కింద సేద్యానికి కోస్తా జిల్లాల రైతులు వచ్చి బోధన్, వర్ని చుట్టుపక్కల క్యాంపులు కట్టుకున్నారు. వారి భాష, వారి పత్రికలు, వారి కథలు వారితో వచ్చాయి. అందుకే మా తరగతి గదుల్లో ఒక బెంచీ మీద నాలుగు రకాల తెలుగు వినిపించేది. ఊరి రైతుబిడ్డ ఒక తీరుగా, క్యాంపు పిల్లవాడు మరో తీరుగా, ఇంట్లో మరాఠీయో ఉర్దూవో మాట్లాడే పిల్లవాడు ఇంకో తీరుగా, తండా పిల్లవాడు తన తీరుగా మాట్లాడేవారు. చెరకు కొట్టే కాలం వస్తే సగం బెంచీలు ఖాళీ. అప్పుడు ఉన్న పిల్లలకు పాఠం చెప్పలేక కథలు చెప్పేవాళ్ళం. ఆ కథల్లో ఎన్ని బాగున్నాయో! ఒక్కటీ కాగితం మీద లేదు.

మన ఇందూరు కథాసాహిత్యంలోకి బడి ద్వారం నుంచి కాక జైలు ద్వారం నుంచి ప్రవేశించిందంటే అతిశయోక్తి కాదు. ఖిల్లాలోని జైలులో 1948లో దాశరథి కృష్ణమాచార్యగారు పళ్ళు తోముకునే బొగ్గుతో గోడ మీద పద్యాలు రాశారు. ఆయనతోపాటు అక్కడ వట్టికోట ఆళ్వారుస్వామిగారు (1915-1961) ఉన్నారు. దాశరథిగారు 'అగ్నిధార' కావ్యాన్ని ఆళ్వారుస్వామిగారికే అంకితమిచ్చారు. ఆళ్వారుస్వామిగారు బడిలో కూర్చుని చదివినవారు కారు. ఒక ఉపాధ్యాయుని ఇంట వంట చేసిపెడుతూ అక్షరాలు నేర్చుకున్నారు. హోటల్లో పనిచేశారు, అచ్చు దిద్దారు, 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి పుస్తకాలు మోసుకుని ఊరూరా అమ్మారు. తర్వాత 'ప్రజల మనిషి' నవల రాశారు, 'జైలు లోపల' కథలు రాశారు. ఆ ఉపాధ్యాయుడు వంటపిల్లవాడికి నాలుగు అక్షరాలు చెప్పకపోయి ఉంటే తెలంగాణ నవలకు ఎంత నష్టం జరిగేదో ఆలోచించండి. కథలు రాయని పంతుళ్ళకు కూడా సాహిత్య చరిత్రలో చోటు ఉందని నేను అనుకునేది ఇందుకే.

మన మాటలో మన కథ

ఇక్కడ మరో ఉపాధ్యాయురాలిని తలచుకోవాలి. పాకాల యశోదారెడ్డిగారు (1929-2007) పాలమూరు బిడ్డ. హైదరాబాదు కోఠి మహిళా కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పారు. తరగతిలో ప్రబంధాలు చెప్పిన ఆమె కథ రాసేటప్పుడు మాత్రం తన ఊరి ఆడవాళ్ళ మాటనే తెచ్చుకున్నారు. 1973లో వచ్చిన 'మా ఊరి ముచ్చట్లు' అందుకు సాక్ష్యం. మన మాటను సినిమాల్లో నవ్వుకోవడానికి వాడుకున్న కాలం అది. ఆ కాలంలో ఒక తెలుగు అధ్యాపకురాలు ఆ మాటలోనే కథ రాసి తలెత్తుకుని నిలబడ్డారు. తరగతిలో పిల్లల యాస దిద్దిన మనలాంటి వారికి ఇది సిగ్గుపడవలసిన సంగతి, నేర్చుకోవలసిన సంగతి కూడా. నేనూ దిద్దాను. "గట్ల అనొద్దు, అలా అనాలి" అని ఎంతమంది పిల్లల నోళ్ళు మూయించానో లెక్కలేదు.

మన పొరుగునే మెట్‌పల్లి ప్రాంతానికి చెందిన వాసాల నర్సయ్యగారు తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూ పిల్లల కోసం రాస్తూ వచ్చారు. 2017లో కేంద్ర సాహిత్య అకాడమీ బాలసాహిత్య పురస్కారం అందుకున్నారు. మన డిచ్‌పల్లి విక్టోరియా ఆసుపత్రిలో కుష్ఠురోగులకు వైద్యం చేసిన డాక్టర్ కేశవరెడ్డిగారు (1946-2015) 'అతడు అడవిని జయించాడు', 'మునెమ్మ' వంటి నవలలు రాశారు. ఉద్యోగం సాహిత్యానికి అడ్డు కాదని చెప్పడానికి మన చుట్టుపక్కల ఇంతకన్నా రుజువులు అక్కరలేదు.

పదవీ విరమణ తర్వాత

చివరిగా ఒక పింఛనుదారు కథ చెబుతాను. కాళీపట్నం రామారావుగారు (1924-2021) లెక్కల మాస్టారు. విశాఖపట్నంలో హైస్కూలులో పనిచేసి 1979లో రిటైరయ్యారు. 'యజ్ఞం' కథ ఆయనదే. 'యజ్ఞంతో తొమ్మిది' సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఇంకొకరైతే ఆ డబ్బు బ్యాంకులో వేసుకునేవారు. మాస్టారు శ్రీకాకుళంలో 'కథానిలయం' కట్టారు. 1997 ఫిబ్రవరి 22న ప్రారంభమైంది. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట ఉండాలన్నది ఆయన కోరిక. పాత పత్రికల కోసం ఊళ్ళు తిరిగారు, ఇళ్ళు తట్టారు, పోస్టుకార్డులు రాశారు. లెక్కల మాస్టారు కనుక హాజరు పట్టీలో ఒక్క పేరు తప్పినా ఊరుకోలేదు. ఈనాడు తెలుగు కథ మీద పరిశోధన చేసేవారికి అది ఆధారమైంది. అది కట్టింది సర్కారు కాదు. ఒక రిటైరైన బడిపంతులు తన పూనికతో, నలుగురి సాయంతో నిలబెట్టాడు.

మిత్రులారా, ప్రతి ఏడాదీ మనం బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం. మనకు తెలిసిన కథలు బతికి ఉన్నాయని ఎవరికి సర్టిఫికెట్ ఇస్తున్నాం? శక్కర్‌నగర్‌లో ఫ్యాక్టరీ ప్రైవేటు చేతుల్లోకి పోయి, 2015 డిసెంబరులో మూతపడింది. ఆ సైరను వినపడ్డ రోజులు, చెరకు బళ్ళు వరుసకట్టిన దారులు, ఒక బెంచీ మీది నాలుగు భాషలు, ఇవన్నీ తెలిసిన తరం మనది. మనవడు అడిగితే చెబుతాం, లేకపోతే లేదు. రేపు మన ఇంటికీ సున్నం వేస్తారు, పాత కాగితాలు బయటికి వస్తాయి. కాగితమే లేకపోతే అదీ లేదు.

నా మనవి ఒక్కటే. మీలో ఎవరైనా కథలు రాసి పెట్టెలో దాచుకుని ఉంటే బయటికి తీయండి, ఇంట్లోవాళ్ళకు చూపించి వాటి విలువ చెప్పండి. రాయనివారు బడిలో చెప్పిన కథ ఒక్కటైనా నాలుగు కాగితాల మీద పెట్టండి. పిల్లల కథైనా సరే, ముఖ్యంగా పిల్లల కథైతే ఇంకా మంచిది. గ్రాంథికం అక్కరలేదు, మన ఇందూరు మాటలోనే రాయండి. అచ్చు తప్పులు చూసిపెట్టడానికి, శుభ్రంగా తిరిగి రాసిపెట్టడానికి నేను సిద్ధం. కళ్ళు కాస్త మందగించాయి కాని ఎర్రసిరా కలం ఇంకా పనిచేస్తోంది.

నావంతుగా నేను ఒకటి మొదలుపెట్టాను. అందులో ఒక తండా ఉంది. వెనక బెంచీ పిల్లవాడికి ఇన్నాళ్ళకు జవాబు రాస్తున్నాను. వాడికీ ఇప్పుడు మనవలు ఉండే వయసు. ఎక్కడున్నా చదువుతాడని ఆశ.

సెలవు.